మేనత్త హక్కు

నేయాఫు, వవావు దీవి
8 ఫిబ్రవరి 1999

గౌరవనీయులైన పెలెనాతీత అత్తయ్యకు,

ఈ ఉదయం దాకా మనల్ని ప్రాణాలతో నిలిపిన దేవుడికి స్తోత్రం. మీ తమ్ముడి కూతురు వైమోఆనా రాస్తున్నది. నాన్న పోయాక మీకు ఇదే మొదటి ఉత్తరం. రెండేళ్ళు రాయకపోవడం నా తప్పే. మీరూ రాయలేదు కాబట్టి తప్పు చెరిసగం పంచుకుందాం. పోస్టాఫీసులో ఫోను ఉంది కానీ, నేను మాట్లాడుతుంటే వెనక వరసలో ఉన్నవాళ్ళు నా బదులు జవాబులు కూడా చెప్పేస్తారు. అందుకే కాగితం పట్టాను.

విషయానికి వస్తాను. నేను, ఇంకో ఐదుగురు ఆడవాళ్ళు కలిసి మొగలాకు చాపలు అల్లుతున్నామని మీకు తెలుసు. సిడ్నీలో మనవాళ్ళు వేలమంది. పెళ్ళికైనా చావుకైనా గుడికైనా నడుముకు చాప చుట్టుకోనిదే ఎవరూ గడప దాటరు. కానీ చాప కావాలంటే ఇక్కడి చుట్టాలకు కబురు పెట్టి, ఎవరో ఒకరు విమానం ఎక్కేదాకా కాచుకోవాలి. అందాకా శవం ఆగుతుందా? అందుకని మీ ఊళ్ళోనే ఒక చాపల దుకాణం పెట్టాలని వ్యాపార వీసాకు దరఖాస్తు చేశాను. పందులన్నీ అమ్మేశాను. సంతలో నా కొట్టు ఇంకొకరికి ఇచ్చేశాను. ఇక ఇక్కడ నాకు మిగిలింది నానబెట్టిన ఆకులే. వచ్చే నెలాఖరులో రాజధాని నుకుఅలోఫాలో ఇంటర్వ్యూ ఉంది.

ఆస్ట్రేలియాలో నిన్ను ఎరిగినవారెవరు అని అడిగితే మీ పేరు, ఫోను నంబరు ఇచ్చాను. ముందుగా మిమ్మల్ని అడగవలసింది. అడిగితే వద్దంటారని అడగలేదు.

ఈసారి పెండలం బాగా ఊరింది. తినే నాన్నే లేడు.

మీ ఆశీర్వాదం కోరుతూ,
వైమోఆనా


గ్రాన్‌విల్, సిడ్నీ
2 మార్చి 1999

ఏమే వైమోఆనా,

దేవుడి దయవల్ల బతికే ఉన్నాను. మోకాళ్ళు తప్ప మిగతాదంతా పనిచేస్తోంది. ఆసుపత్రి చాకిరేవులో ముప్ఫై ఏళ్ళు దుప్పట్లు మోసిన మోకాళ్ళు, వాటిని మాత్రం ఏమనగలను?

అడిగితే వద్దంటానని అడగలేదా? ఎంత తెలివే! దొంగ కూడా ఇంటివాళ్ళను అడగకపోవడానికి అదే కారణం చెబుతాడు.

అవసరం పడి ఒక చాప అమ్ముకున్నవాళ్ళను నేనెప్పుడూ తప్పు పట్టలేదు. కానీ బోర్డు పెట్టి, ఒక్కోదానికి ధర చీటీ కట్టి, తువ్వాళ్ళలాగా వేలాడదీస్తావా? చాప చేతి నుంచి చేతికి పోవాలి. పెళ్ళికి ఇస్తాం, పుట్టుకకు ఇస్తాం, చచ్చినవాడి కింద పరుస్తాం. ఇక మీద ఇక్కడి మనవాళ్ళు చావుకు ఏడుస్తూ వచ్చి, నీ దగ్గర బేరమాడి, చాప కట్టుకుని మళ్ళీ ఏడవడానికి పోతారన్నమాట.

చావంటే గుర్తొచ్చింది. మీ నాన్న శవం దగ్గర తలవైపు కూర్చున్నది నేను. ఆ ఇంటి ఆడబడుచుగా, మీ అందరి మీద హక్కున్న ఫాహుగా కూర్చున్నాను. వచ్చిన చాపలన్నీ నా ముందే పెట్టారు. 'అంతా ఊడ్చుకుపోయింది' అని నువ్వు గొణిగిన సంగతి నాకు తెలుసు. వాటిని వచ్చినవాళ్ళకే పంచి, రెండు పట్టుకుని వచ్చాను. మా తమ్ముడు రోజూ కట్టుకున్న పాత నడుం చాప మాత్రం నా ముందుకు రాలేదు. పదిరోజులూ ముగిసిన ఆదివారం నీ నడుముకు కట్టుకుని గుడికి వచ్చావు. నోరు తెరిచి అడగడం నా స్థాయి కాదు కాబట్టి అడగలేదు.

సరే, పేరు ఇచ్చేశావు. ఇంటర్వ్యూలో మాత్రం దిక్కూమొక్కూ లేనిదానిలా కూర్చోకు. పైన మేనత్త ఉందని చెప్పు. మేనత్తను గౌరవించడం తెలియని పిల్ల అని నా పరువు తీశావో, ఫోను వస్తే ఎత్తను.

పెలెనాతీత


నేయాఫు
6 ఏప్రిల్ 1999

అత్తయ్యకు,

దేవుడికి స్తోత్రం. మీ ఉత్తరం అందింది. తువ్వాళ్ళ మాట ఆడవాళ్ళందరికీ చదివి వినిపించాను. అందరూ నవ్వారు, నేను తప్ప.

నాన్న చాప సంగతి ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. తెచ్చినవన్నీ మీ ముందు పెట్టాం. ఆ ఒక్కటీ నాది. అమ్మను, ఇవ్వను. నేనెక్కడికి పోతే అదీ అక్కడికే వస్తుంది.

ఇంటర్వ్యూ అయింది. రాత్రంతా ఓడలో వాంతులు చేసుకుంటూ వెళ్ళాను. అధికారి మర్యాదస్తుడే. నేను తెచ్చిన చాపల్ని వేళ్ళతో తడిమి చూశాడు. ఈ సరుకు ఎవరిది అని అడిగాడు. అప్పుడు మీ ఉత్తరం గుర్తొచ్చింది. 'అల్లింది మేము. కానీ నాకు పైన మా మేనత్త ఉంది. ఆమె దుకాణంలోకి వచ్చి ఏది కావాలన్నా తీసుకోవచ్చు, అంతా కావాలన్నా తీసుకోవచ్చు. ఆమె చేతికి నా చెయ్యి అడ్డం రాదు' అని చెప్పాను. 'అంతానా?' అన్నాడు. 'అంతా' అన్నాను. చాలాసేపు రాసుకున్నాడు.

మీ పరువు నిలబెట్టాను. నా గురించి ఏమనుకున్నా, ఆ విషయంలో వేలెత్తడానికి లేదు.

వైమోఆనా


గ్రాన్‌విల్
29 ఏప్రిల్ 1999

వైమోఆనా,

స్తోత్రాలు తరువాత. ముందు ఇది చెప్పు, నేను దొంగనా?

సోమవారం వీసా ఆఫీసు నుంచి ఒకతను ఫోను చేశాడు. 'అమ్మా, ఈమె దుకాణం పెడితే మీరు సరుకు పట్టుకుపోతారా?' అన్నాడు. 'ఎంత తరచుగా పట్టుకుపోతారు?' అన్నాడు. 'ఆమెను మీరేమైనా భయపెడుతున్నారా?' అన్నాడు! ఈ దేశానికి వచ్చి ఒక్క పిన్నీసు ఎత్తుకున్నదాన్ని కాను. నీవల్ల గవర్నమెంటువాడి చేత ఆ మాట పడ్డాను. నువ్వు చదువుకున్నదానివి. మన లోపలి మర్యాద వాడి బల్ల మీద పరిస్తే ఏమవుతుందో తెలియదా? చాపల పగ మనసులో పెట్టుకుని, నన్ను దోపిడీదారుగా చూపించావు.

అయినా నేను నీలాంటిదాన్ని కాదు. ఆమె పనితనం ఎలా ఉంటుందని అడిగాడు. మనవాళ్ళు ఎలా చెప్పాలో అలాగే చెప్పాను. 'ఏముందండీ, ఏదో పిల్ల చేతి పని. మా ఇంటి చాపలు నాసిరకం, మీలాంటివాళ్ళ కళ్ళకు ఆనవు. దయతో చూడండి' అన్నాను. మా అమ్మ రాజుగారి ఇంటికి చాపలు పట్టుకుపోయినప్పుడు అన్న మాటలే, ఒక్కటీ తగ్గించకుండా అన్నాను. నా నోట నా ఇంటి పిల్లను పొగుడుకుని నవ్వులపాలు కాలేదు. అతను 'థాంక్యూ' అని పెట్టేశాడు.

ఇక నీ వీసా వస్తే నా మర్యాదవల్ల వచ్చిందనుకో.

పెలెనాతీత


నేయాఫు
3 జూన్ 1999

మేనత్తకు,

వీసా రాలేదు.

కారణాలు రెండు రాశారు. మొదటిది, సరుకు దరఖాస్తుదారు చేతిలో లేదు, దాని మీద వేరొకరికి పూర్తి అధికారం ఉంది. రెండోది, దరఖాస్తుదారును ఎరిగిన ఒకే ఒక వ్యక్తి ఆ సరుకు నాసిరకమని స్వయంగా చెప్పింది.

నాసిరకం! మీ మాటే, అక్షరం పొల్లుపోకుండా. మన ఊళ్ళో ఆ మాటంటే మా పిల్ల బంగారం అని అర్థం. నాకు తెలుసు. కానీ ముప్ఫై ఏళ్ళు వాళ్ళ మధ్య బతికిన మీకు వాళ్ళ చెవికి అది ఎలా వినిపిస్తుందో తెలియదా? నేను పల్లెటూరిదాన్ని, మొదటిసారి ఆఫీసు కుర్చీలో కూర్చున్నాను. మీరో? తెలిసే అన్నారు. దుకాణం మీకు మొదటినుంచీ గిట్టదు. తువ్వాళ్ళలా వేలాడదీస్తాననేగా మీ కడుపుమంట!

ఇక్కడ ఏమైందో వినండి. ఏడాది పొడుగునా ఆకు కోశాం, ఉడకబెట్టాం, రాళ్ళు కట్టి సముద్రంలో నానేశాం, ఎండకు తెల్లబరిచాం. చుట్టలు చుట్టి నా ఇంటినిండా పేర్చాం. నాకు పడుకునే చోటు కూడా లేదు. ఆడవాళ్ళు రోజూ వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంటున్నారు. ఏమీ అడగరు. అదే నరకం. గోరుచుట్టు మీద రోకటిపోటులా నిన్న ప్రసంగి భార్య వచ్చి, 'దేవుడు ఒక తలుపు మూస్తే' అని మొదలుపెట్టింది. మూసింది దేవుడు కాదు, మా అత్త అన్నాను.

మళ్ళీ పరిశీలించమని ఒకసారి అడగవచ్చట. దానికి మీరు సిడ్నీ ఆఫీసుకు స్వయంగా వెళ్ళి రెండు మాటలు చెప్పాలి. చాపలు మంచివని ఒకటి. నా సరుకు మీద మీకు ఏ హక్కూ లేదని రెండు. సెప్టెంబరులోపు జరగాలి.

నాకోసం కాకపోతే మీ తప్పు దిద్దుకోవడానికైనా వెళ్ళండి.

వైమోఆనా


గ్రాన్‌విల్
25 జూన్ 1999

వైమోఆనా,

ఏ హక్కూ లేదని చెప్పాలా?

నువ్వేం అడుగుతున్నావో నీకు తెలుస్తోందా? నాకు పిల్లలు లేరు. మొగుడు పోయాడు. ఇల్లు అద్దెది. నాకంటూ ఉన్నది ఒక్కటే, మీ నాన్న సెమిసికి అక్కను. ఆ ఇంట్లో ఏ మూలనున్న వస్తువైనా నేను వేలు చూపిస్తే నాది. అక్కడ నుంచి నేను తెచ్చుకున్నవి రెండు చాపలు, అది వేరే సంగతి. వాడుకోవడం కోసం కాదే హక్కు. అదుంటేనే నేను మీ మనిషిని. అది పోతే గ్రాన్‌విల్‌లో బస్సు కోసం కాచుకునే ఒక ముసలిదాన్ని, అంతే.

దాన్ని ఒక గవర్నమెంటు బల్ల ముందు నిలబడి కోసుకోమంటున్నావు. నీ దుకాణం కోసం, నీ ధర చీటీల కోసం.

తెలిసే అన్నానంటావా? తెలియదే. దేవుడి సాక్షిగా తెలియదు. దుప్పట్లతో మాట్లాడి బతికాను నేను. దుప్పట్లకు మర్యాదల అర్థాలు చెప్పే అవసరం రాలేదు.

వెళ్ళను. ఆకులు కుళ్ళిపోనీ.

పెలెనాతీత


నేయాఫు
19 జూలై 1999

వెళ్ళకండి.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. నాన్న శవానికి తలవైపు కూర్చునే హక్కు మీది. ఏడాదిపాటు ఆయన్ను ఎత్తి, తుడిచి, అన్నం పెట్టిన చేతులు నావి. జబ్బు పడ్డాడని మూడుసార్లు కబురు పెట్టాను. చచ్చిపోయాడని కబురు పెడితే వచ్చారు. హక్కు అంటే మీకు అదే కాబోలు, అన్నీ అయ్యాక తలవైపు వచ్చి కూర్చోవడం.

నేను ముందు పోతే నా దగ్గరకు రాకండి. తలవైపు ఎవరూ లేకపోయినా ఫర్వాలేదు.

వైమోఆనా


గ్రాన్‌విల్
30 ఆగస్టు 1999

సెమిసి కూతురికి,

వెళ్ళాను.

ఉన్న రెండు చాపల్లో మంచిది కట్టుకుని రైలెక్కాను. పక్కన కూర్చున్న కుర్రది 'ఏం కట్టుకున్నావు, ఎందుకు' అని అడిగింది. గౌరవం అన్నాను. ఎవరి మీద అంది. నేను దిగవలసిన స్టేషను వచ్చింది.

ఆఫీసులో కూర్చున్న పిల్ల నాకు మనవరాలి వయసుది. నీ చాపల గురించి అడిగింది. మా తమ్ముడి కూతురి అంత నున్నగా ఆకు గీకేవాళ్ళు వవావులో లేరు అన్నాను. మా అమ్మ వింటే సమాధిలోంచి లేచి నా నోరు మూసేది. నా ఇంటి సరుకు నేనే పొగుడుకున్నాను, అదీ పరాయివాళ్ళ ముందు. తరువాత, ఆమె సొత్తు మీద మీకు హక్కు ఉందా అని అడిగింది. లేదు అన్నాను. రాసుకుంది. పెన్ను పక్కన పెట్టి, ఇంతకుముందు ఉండేదా అని మెల్లగా అడిగింది. అది వాళ్ళ కాగితంలో లేని ప్రశ్న. నేను చాప సర్దుకుని లేచాను.

మీ నాన్న జబ్బుగా ఉన్నప్పుడు నేను రాకపోవడానికి కారణాలు ఉన్నాయి. నీకు చెప్పను. నువ్వు ఇప్పుడు నాకు ఏమవుతావని చెప్పాలి?

చెప్పిన మాట మీద నిలబడే మనిషిని నేను. హక్కు లేదన్నాను, లేదు. ఇక నీ దుకాణానికి వస్తే నలుగురిలో ఒకదానిగానే వస్తాను.

పెలెనాతీత


మెర్రీలాండ్స్, సిడ్నీ
22 నవంబరు 1999

అత్తయ్యకు,

మీ ఇంటికీ నా దుకాణానికీ మధ్య ఉన్నది ఒక్క రైలు స్టేషను. అయినా ఉత్తరమే రాస్తున్నాను. ఎదురుగా వస్తే నా నోటికి ఏం వస్తుందో నాకే భయం.

శనివారం దుకాణం తెరిచాను. మన గుడి జనమంతా వచ్చారు, ప్రసంగి ప్రార్థన చేశాడు, చామాకుల్లో కొబ్బరిపాలు పోసి వండిన మాంసం అందరికీ పెట్టాను. అప్పుడు మీరు వచ్చారు. అందరూ లేచి దారి ఇచ్చారు. నేను వంగి నిలబడ్డాను. మీరు ఏది చూపిస్తే అది చుట్టి ఇవ్వడానికి చేతులు సిద్ధంగా పెట్టుకున్నాను. మీరు గోడ పక్కనున్న చిన్న చాప చూపించి, 'ఇదెంతమ్మా?' అన్నారు.

అమ్మా అన్నారు! బజారులో కూరగాయలమ్మేదాన్ని పిలిచినట్టు.

వద్దన్నాను. బతిమాలాను. చీటీ మీద ఉన్న ధర మొత్తం లెక్కపెట్టి బల్ల మీద పెట్టి, రసీదు కూడా అడిగారు. 'మేనత్త దగ్గర డబ్బు తీసుకుంది' అని వెనక ఎవరో అననే అన్నారు. ఆ రోజు ఒక్కరూ ఇంకేమీ కొనలేదు. కొట్టాలంటే చెంప మీద కొట్టవచ్చు కదా? ఇలా కొట్టాలా?

మీరు గవర్నమెంటుకు చెప్పారు హక్కు లేదని. నాకు చెప్పలేదు. నేను ఒప్పుకోనూ లేదు. అడిగింది నేనే, నిజమే. వీసా ఆఫీసు కోసం అడిగాను, మన ఇద్దరి కోసం అడగలేదు. ఆ తేడా మీకు తెలియదంటే నమ్మను. తెలిసే చేశారు. ఈసారి మాత్రం తెలిసే చేశారు.

మీ డబ్బు ఈ కవర్లో ఉంది. వచ్చే ఆదివారం మీరు గుడికి వెళ్ళేటప్పుడు దుకాణం తలుపు తాళం వేసి ఉండదు. నేను ముందే గుడికి వెళ్ళిపోతాను, లోపల ఎవరూ ఉండరు. కావలసింది తీసుకోండి. ఆదివారం అమ్మకం కొనుగోలు మనకు పాపం, కాబట్టి డబ్బు పెట్టడానికి మీకు వీల్లేదు. పెడితే దేవుడితో తేల్చుకోండి.

ఏమీ తీసుకోకపోతే, ఈ ఊళ్ళో నాకు మేనత్త లేదని నేనూ అనుకుంటాను.

వైమోఆనా


గ్రాన్‌విల్
28 నవంబరు 1999, ఆదివారం

ఏమే వైమోఆనా,

తీసుకున్నాను.

గుడి నుంచి తిరిగొచ్చేసరికి బల్ల వెనక గోడ చూసి ఉంటావు. ఏడ్చి ఉంటావు కూడా. 'అమ్మకానికి కాదు' అని చీటీ పెట్టావు. నేను కొనలేదుగా.

కిటికీలో పెద్ద చాప బాగుంది. దాని అంచు వదులు, ఎవరల్లారో గానీ చీవాట్లు పెట్టు. మిగతావీ బాగున్నాయి. వాటిలో ఏది తీసుకున్నా నీకు నొప్పి ఉండేది కాదు. నొప్పి లేకుండా ఇచ్చేది హక్కు కాదే, అది బహుమతి. బహుమతులు పుచ్చుకునే ముసలిదాన్ని కాను నేను.

మా తమ్ముడి ఆ నడుం చాప నేను అల్లింది. నీకు తెలియదు, ఎవరూ చెప్పి ఉండరు. అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. ఎదిగిన అక్కాతమ్ముళ్ళు ఒక గదిలో కూర్చోకూడదు, సరదాగా మాట్లాడుకోకూడదు కాబట్టి నా చేత్తో వాడికి ఇవ్వలేదు. మా అమ్మ ఇచ్చింది. నచ్చిందో లేదో వాడు చెప్పనూ లేదు, నేను అడగనూ లేదు. వాడు జబ్బుతో పడుకుని ఉన్న గదిలోకి నేనెలా వస్తాను? ఒళ్ళు తుడవవలసిన స్థితిలో ఉన్న తమ్ముణ్ణి అక్క చూడకూడదు. చచ్చాకే నాకు ఆ గుమ్మం తెరిచారు. మూడు కబుర్లూ అందాయి. మూడుసార్లూ టికెట్టు కొని, పెట్టె సర్ది, మళ్ళీ విప్పాను.

ఈ రోజు దాన్ని విప్పి చూశాను. నడుం మడత దగ్గర మూడు చోట్ల తెగితే ఎవరో అతుకు అల్లారు. నీ చెయ్యేనని గుర్తుపట్టాను. ఆ అతుకు నా అల్లికకన్నా బాగుంది. ఈ మాట పరాయివాళ్ళ ముందు అనను.

దీనికోసం రాకు. ఇవ్వను.

పెలెనాతీత


మెర్రీలాండ్స్
6 డిసెంబరు 1999

అత్తయ్యకు,

దేవుడికి స్తోత్రం. రెండు రోజులు మీ పేరు వింటేనే ఒళ్ళు మండింది. ఇప్పటికీ కొంచెం మండుతోంది.

కిటికీలో పెద్ద చాప అంచు అల్లింది నేనే. విప్పి మళ్ళీ అల్లుతున్నాను.

గోడ మీద మేకు ఖాళీగా ఉంది. వేరే ఏదైనా తగిలించమని అందరూ అంటున్నారు. తగిలించలేదు. ఇక్కడుండే పాత చాప ఏమైందని వచ్చిన ప్రతివాళ్ళూ అడుగుతున్నారు. మా మేనత్త పట్టుకుపోయిందని చెబుతున్నాను.

వైమోఆనా